గోరుకు తగలని అతుకు

పని చూసి బాగుందని వడ్రంగి మేస్త్రీ నోటితో అనగా, పద్దెనిమిదేళ్లుగా అతని వెంట తిరుగుతున్న బావమరిది ఒక్కనాడూ వినలేదు. రెండు చెక్కలు కలిసినచోట మేస్త్రీ బొటనవేలి గోరు ఆనించి నెమ్మదిగా గీస్తాడు. గోరుకు ఏదన్నా తగిలితే మళ్లీ చిత్రిక అందుకుంటాడు. తగలకపోతే లేచి తన దారిన తాను పోతాడు. ఆ పోవడమే మెప్పు.

అలాంటి మనిషి నోట్లోనే అతుకు ఊడింది. పాత ద్వారబంధంలోంచి తుప్పుపట్టిన మేకు పీకుతుంటే పట్టు జారి సుత్తి పిడి మూతికి తగిలింది. పైవరుసలో ముందు పన్ను వేరుతో సహా వచ్చేసింది. దాని పక్కది సగానికి విరిగింది. మూడేళ్లుగా నవ్వొస్తే చాలు, తల పక్కకు తిప్పి భుజమ్మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంటున్నాడు. అసలే మాటలు తక్కువ, ఉన్న నాలుగూ తగ్గిపోయాయి. మేకులు మాత్రం తగ్గలేదు. రెండు చేతులకూ పని ఉన్నప్పుడు మేకులు పళ్ల మధ్య కరుచుకోవడం పని నేర్చిన నాటి అలవాటు. మునుపు నాలుగు పట్టేవి, సందు పడ్డాక ఐదోదానికీ చోటు దొరికింది.

మేస్త్రీ వాళ్ల వీధిలో ఒక డాక్టరమ్మ కొత్తగా పళ్ల ఆసుపత్రి పెట్టింది. అందులో అరలన్నీ మేస్త్రీయే బిగించాడు. వెళ్లేటప్పుడు ఒక్కమాట చెప్పాడు. జిగురు పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల పట్టడానికి టైము కావాలి, వారం దాకా బరువు పెట్టకండి అని. ఎనిమిదో రోజు చూడ్డానికి వెళ్తే అట్టపెట్టెలన్నీ ఇంకా నేలమీదే ఉన్నాయి. వచ్చినవాళ్లు వాటిమీంచి అంగలు వేసుకుంటూ కుర్చీలోకి ఎక్కుతున్నారు. తన మాట అంత అక్షరాలా విన్న మనిషిని మేస్త్రీ అంతకుముందు చూడలేదు. అందుకే ఆమె నోరు తెరవమంటే తువ్వాలు జోలికి పోకుండా తెరిచాడు.

ఆమె కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. పన్ను లేనిచోట దవడ ఎముకలో ఒక స్క్రూ దింపాలి. నాలుగు నెలల్లో ఎముక దాని చుట్టూ పెరిగి పట్టుకుంటుంది. అప్పుడు దానిమీద పన్ను బిగించాలి. విరిగినదాన్ని చుట్టూ అరగదీసి, పైన మూతలాగా క్యాపు తొడగాలి. మేస్త్రీ కుర్చీ అంచుకు జరిగాడు. రోజంతా పది మాటలు ఆడని మనిషి గంటసేపు ప్రశ్నలు వేశాడు. బెజ్జం ఎంత లావు, ముందు సన్న డ్రిల్లు వేసి తర్వాత లావుది వేస్తారా, వేడెక్కకుండా నీళ్లు పోస్తారా అని. నీళ్ల సంగతి మీకెలా తెలుసని ఆమె అడిగింది. మరీ వేగంగా తిప్పితే చెక్క లోపల మాడిపోతుందని, మాడిన బెజ్జంలో స్క్రూ పట్టదని చెప్పాడు. ఎముకా అంతేనంది ఆమె. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని తలలాడించారు.

చివరికి ఆమె ఉన్నమాట చెప్పేసింది. ఇప్పటిదాకా తనకు పని నేర్పిన సారు పక్కనుండగా చేసిందేగాని, ఒంటిచేత్తో చేయబోయే మొదటి స్క్రూ ఇదేనని.

"మీకు ఇష్టం లేదంటే నేనేం అనుకోను మేస్త్రీ గారూ."

"నా మొదటి తలుపూ ఎవరింటికో ఒకరింటికి బిగించానుగదమ్మా" అన్నాడు మేస్త్రీ.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, పీట తిరగేసి పెన్సిలుతో బొమ్మ గీసి భార్యకు మొత్తం వివరించాడు. పెళ్లయినప్పటినుంచీ అతను ఏకబిగిన అంతసేపు మాట్లాడింది లేదు. ఆవిడ నోరు తెరుచుకుని విని, "ఇన్నేళ్లూ మేకులు కరిచావు, ఇప్పుడు ఏకంగా దిగ్గొట్టించుకుంటున్నావన్నమాట" అంది.

స్క్రూ దింపే రోజున మత్తిచ్చిన మూతి తనది కానట్టయిపోయింది గాని, చెవులు మాత్రం పనిచేశాయి. మొదటి డ్రిల్లు, రెండోది, మూడోది వరసగా లెక్కపెట్టాడు. స్క్రూ చివరి చుట్లు బిగుసుకుంటుంటే అది తలలోపల తెలిసి ఒళ్లు జలదరించింది. తనమీద తానే పని చూసుకునే యోగం ఏ వడ్రంగికి పట్టింది గనక. పైన చిగురు కుట్టేసి డాక్టరమ్మ ఒక్కమాట చెప్పింది. "నాలుగు నెలలు దానిమీద ఏ బరువూ పడకూడదు. మేకులు అసలే వద్దు."

నలభై రోజులు నిష్ఠగా ఉన్నాడు. నలభై ఒకటోనాడు నిచ్చెన మీద నిలబడి ఎడమచేత్తో పైకప్పు పలక ఎత్తిపట్టాడు, కుడిచేతిలో సుత్తి. అంతకుముందే ఆ కుడిచెయ్యి అలవాటు చొప్పున మేకులు తీసి నోట్లో పెట్టేసింది. చిగురు చురుక్కుమనేదాకా అతనికి ఆ సంగతే తెలియలేదు. ఉమ్మేస్తే మేకులు నాలుగూ గచ్చుమీద టంగుటంగుమన్నాయి. అతని కళ్లముందు కదిలింది ఆ ఏడు రోజుల అట్టపెట్టెలే. తన మాటకు ఆమె అంత విలువ ఇచ్చింది. ఆమె మాటను తాను మేకుల పాలు చేశాడు. పన్ను పోతే పోయింది, ఇంకొకరి మొదటి పని చెడగొట్టిన నోరు తనది కావడమే అతను ఓర్చుకోలేకపోయాడు.

మర్నాడే పాత స్పీకరు పెట్టె విప్పి అందులోని అయస్కాంతం తీశాడు. తోలుపట్టీకి కుట్టి ఎడమ మణికట్టుకు కట్టుకున్నాడు. గుప్పెడు మేకులు దానికి అతుక్కుని బొద్దుగా నిలిచాయి. ఆ దెబ్బతో నోటికి పని తప్పింది. ఊళ్లో మిగతా వడ్రంగులు వచ్చి చూసిపోయారు. మేస్త్రీకి మళ్లీ హుషారు పుట్టింది. రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, భార్య లెక్క తప్పితే సరిదిద్దాడు.

ఇంకా పది రోజులుందనగా, బావమరిది మేకు అందించబోయి ఆగాడు.

"బావా, నీ నోట్లో ఉంది ఇనప స్క్రూ కదా. ఈ అయస్కాంతం దాన్ని లాగెయ్యదూ?"

మేస్త్రీ ఎడమచేతిని గభాల్న మొహానికి దూరంగా జరిపాడు. ఇన్నాళ్లూ ఆ చేత్తోనే మొహం కడుక్కున్నాడు, మూతి తుడుచుకున్నాడు. మధ్యాహ్నాలు ఆ చెయ్యే దవడ కింద పెట్టుకుని కునుకు తీశాడు. పట్టీ విప్పి పనిముట్ల పెట్టె అడుగున పడేసి తాళం వేశాడు. ఆ పది రోజులూ నాలుక చిగురు దగ్గరే కాపలా కాసింది.

నాలుగు నెలలు నిండిన రోజు ఆసుపత్రి తలుపు తెరవకముందే బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్లాడు. డాక్టరమ్మ అంతకన్నా ముందే వచ్చి లోపల పచార్లు చేస్తోంది. కుర్చీ ఎక్కకుండానే మేస్త్రీ తువ్వాల్లో చుట్టిన అయస్కాంతాన్ని చెయ్యి బారచాపి మొహానికి దూరంగా పట్టుకుని, చేసిన రెండు తప్పులూ చెప్పేశాడు.

డాక్టరమ్మ పెదాలు బిగబట్టుకుంది. అర తెరిచి అచ్చం అలాంటిదే ఒక స్క్రూ తీసి, తువ్వాలు తప్పించి అయస్కాంతానికి ఆనించి వదిలింది. అది జారి కిందపడింది.

"ఇది ఇనుము కాదు, టైటానియం. మీ అయస్కాంతం దీన్ని పలకరించను కూడా పలకరించదు."

మేస్త్రీ తన చేత్తో మూడుసార్లు పెట్టి చూశాడు. మూడుసార్లూ జారింది. బావమరిది పైకప్పు వంక చూస్తూ నిలబడ్డాడు.

"మరి మేకు సంగతి?" అన్నాడు మేస్త్రీ.

ఆమె మొహంలో నవ్వు పోయింది. ఎంత గట్టిగా తగిలిందో, రక్తం వచ్చిందో లేదో అడిగింది. ఎక్స్‌రే తీసి చాలాసేపు చూసింది. ఫోటోలో బాగానే ఉంది గాని, చెయ్యి పెట్టి చూస్తే తప్ప ఏమీ చెప్పలేనంది.

చిగురు కొద్దిగా తెరిచి, స్క్రూ మీద చిన్న పిడి లాంటిది పెట్టింది. పనిముట్టు వెనక కొసతో ముందు గట్టి పన్ను మీద తట్టింది. తర్వాత పిడి మీద తట్టింది. మేస్త్రీ కళ్లు మూసుకున్నాడు. వదులుగా ఉన్న చీల డొల్లగా మోగుతుందని అతనికి చిన్నప్పటినుంచీ తెలుసు. ఇది టింగుమంది. ఆ మోత నడినెత్తిదాకా పాకింది. అయినా నమ్మలేదు, బిగించి చూడ్డం మిగిలే ఉంది. ఆమె చిన్న పానా తగిలించి తిప్పింది. లెక్క ప్రకారం బిగువు అందితే పానా టిక్కుమనాలి. దానితోపాటు లోపలి స్క్రూ కూడా తిరిగిందా, ఇంతకాలం చేసిందంతా నీళ్లపాలే. ఆమె పానాను ఇంకాస్త తిప్పింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు.

టిక్.

లోపల వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఆ సంగతి డాక్టరమ్మకన్నా ముందు మేస్త్రీకే తెలిసింది. నోటినిండా పనిముట్లు ఉండటంతో మాట రాక, కుర్చీ చెయ్యిమీద అరచేత్తో దబదబా బాదాడు.

"కదల్లేదు" అంది ఆమె మెల్లగా. గుమ్మం దగ్గరున్న బావమరిదికి వినపడేలా మళ్లీ అంది, "కదల్లేదండీ."

అదే పూట విరిగిన పన్నును అరగదీసి రెండింటికీ కొలతలు తీసింది. రెండు వారాల్లో ల్యాబునుంచి పన్నూ క్యాపూ వచ్చాయి. పన్నును స్క్రూ మీద బిగించింది, క్యాపును పక్కదానికి తొడిగింది. అద్దం అందించింది. మేస్త్రీ అద్దం తీసుకోలేదు. లేచి చేతులు సబ్బుతో కడుక్కొచ్చి, కొత్త పన్ను చిగురులో కలిసినచోట బొటనవేలి గోరు ఆనించి నెమ్మదిగా గీశాడు. తర్వాత క్యాపు అంచున గీశాడు. మళ్లీ మొదటిచోట గీశాడు. అప్పుడు తువ్వాలు భుజాన వేసుకుని, ఒక్కమాటన్నా మాట్లాడకుండా బయటికి నడిచాడు.

డాక్టరమ్మ అద్దం పట్టుకుని నిలుచుండిపోయింది. "నచ్చలేదా ఏంటండీ?"

"వెళ్లిపోయాడు కదమ్మా" అన్నాడు బావమరిది. "మా బావ అలా లేచి వెళ్లిపోయాడంటే ఇక దిద్దేదేం లేదని."

ఆమె తన తిరుగుడు కుర్చీలో కూలబడి, గిర్రున ఒక చుట్టు తిరిగింది.

బయట వీధిలో మేస్త్రీ ఎదురైన వాళ్లందరినీ చూసి ఊరికే నవ్వుతూ పోతున్నాడు. తల పక్కకు తిప్పలేదు. తువ్వాలు భుజమ్మీదే ఉంది.