అమ్మకు చార్మినార్

"బజార్లో నోరు తెరవాకు. మన తెలుగు ఇంటే నవ్వుతారు. మా అక్క పరువు పోతాది," అన్నాడు షాబాజ్, భార్య దిల్షాద్ వడ్డించిన రొట్టె తింటూ.

హైదరాబాద్‌లో అతని అక్క రిహానా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చారు. పెనుకొండలో వాళ్ల ఇళ్లలో తెలుగే తప్ప ఉర్దూ లేదు. షాబాజ్ బెంగళూరులో పనిచేసి నేర్చుకున్నాడు. రిహానా ఇక్కడికి కోడలై వచ్చాక తెలుగు మాటే ఎత్తదు. పొద్దుటి నుంచి ఇంటిల్లిపాదికీ రొట్టెలు చేసింది మాత్రం దిల్షాదే. ఆ పనికి ఆమె భాష ఎవరికీ అడ్డు రాలేదు.

రిహానా, ఆమె అత్తగారితో కలిసి నయాపూల్ మీద మూసీ దాటి చార్మినార్ దగ్గర దిగారు. ఇరానీ చాయ్ ఎలా ఉందని రిహానా అత్తగారు అడిగితే దిల్షాద్ తలూపి ఊరుకుంది. లాడ్ బజార్లో బిగుతు గాజులు ఎక్కిస్తుంటే ప్రాణం పోయినంత పనైంది. అయినా వద్దని చెప్పలేకపోయింది. షాబాజ్ నవ్వుతూ ఉర్దూలో ఏదో సర్దిచెప్పాడు.

అంతలో ఫోన్ మోగింది. అమ్మ గౌసియాబీ, వీడియో కాల్. "నేనెట్లా ఆడికి రాలేను. ఫోన్లోనన్నా సూపిచ్చు మే," అని బస్సెక్కేటప్పుడు అడిగింది. దిల్షాద్ సరేనంది. కానీ అమ్మ మాట్లాడితే వీధంతా వినబడుతుంది. షాబాజ్ కళ్లెర్ర చేశాడు. కట్ చేసింది. మళ్లీ మోగింది. ఈసారి అతను చూడకముందే కట్ చేసింది.

అప్పుడు కుంగిపోయింది. మొదటిసారి మొగుడి భయం అనుకోవచ్చు, రెండోసారి? అమ్మ గొంతంటే సిగ్గు తనకే. జ్వరమొస్తే రాత్రంతా తలాపున కూర్చుని పలకరించిన గొంతది. దాన్ని దొంగసొమ్ములా దాచేసిందే! ఛీ, ఇదేం బతుకు అనుకుంది. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నడిబజార్లో నిలబడి తనే ఫోన్ చేసింది. "అమ్మా, సూడు! ఇదే చార్మినార్. కనపడతాండాదా?"

"కనపడతాండాది మే! అబ్బా, ఎంత పొడుగుండాది!" గౌసియాబీ కేకకు నలుగురూ తిరిగి చూశారు.

"పెట్టెయ్," అని షాబాజ్ చెయ్యి చాచాడు.

"మా అమ్మతో మాట్లాడతాండా. సిగ్గయితే నువ్వు ముందు పో," అంది దిల్షాద్.

రిహానా విసురుగా వచ్చింది. తిడుతుందనుకుని దిల్షాద్ ఫోన్ గట్టిగా పట్టుకుంది. రిహానా తన అత్తగారి ముందే ఆ ఫోన్ మీదికి వంగింది.

"అత్తా, నేను రిహానాని. గుర్తుపట్టినావా?"