శనివారం నెత్తురు

చివరి కొండ మొదలవగానే నవోమిని ముందుకి దూకమని చెప్పండి, అని కోచ్ హాల్వర్సన్‌కి సలహా ఇచ్చింది సత్యానందమే. ఆ పొద్దున కూతురి నెత్తురు పరీక్ష చేసి మరీ ఇచ్చాడు.

అది 1984. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల సైకిల్ రోడ్ రేసు మొట్టమొదటిసారి పెడుతున్న ఏడాది. కొలరాడో కొండల్లో జరుగుతున్న ఈ సెలెక్షన్ రేసులో మొదటి ముగ్గురిలో ఉంటే నవోమికి జట్టులో చోటు. నాలుగో స్థానానికి ఏమీ లేదు.

సత్యానందం భీమవరం మిషన్ స్కూల్లో చదివి, అమెరికా వచ్చి, అలసట మీద పరిశోధన చేస్తున్న ఫిజియాలజిస్టు. బయలుదేరినప్పుడు అందరూ గట్టిగానే తొక్కుతారు, మూడో గంటలో ఎవరి కాళ్లలో బలం మిగిలిందన్నదే రేసు అనేవాడు. అందుకే చలి పోకముందే భార్య రూతునీ, కూతుర్నీ లెడ్‌విల్‌లో అద్దె ఇంట్లో దింపాడు. పదివేల అడుగుల ఎత్తు. ఆ పల్చటి గాలికి తట్టుకోడానికి ఒళ్లు ఎర్రకణాలు ఎక్కువ తయారు చేసుకుంటుంది. అవి కండరాలకి ఎక్కువ ఆక్సిజన్ మోస్తాయి.

ఆయన మాత్రం వారమంతా డెన్వర్‌లో ల్యాబ్‌లో ఉండి, శనివారం పొద్దున్నే డ్రైవ్ చేసుకుంటూ వచ్చేవాడు. రాగానే నవోమి వేలు గుచ్చి, సన్నటి గాజు గొట్టంలో నెత్తురు తీసి, మిషన్‌లో తిప్పి, అందులో ఎర్రకణాల వాటా ఎంతో కొలిచేవాడు. వారం వారం పెరుగుతోంది. పెరిగినకొద్దీ ట్రైనింగ్ పెంచాడు.

హాల్వర్సన్ అడ్డుపడకపోలేదు. పిల్ల మూడో గంటలో పీనుగులా అయిపోతోంది, కొన్నాళ్లు కిందికి దించి రెస్ట్ ఇద్దామన్నాడు. సత్యానందం నంబర్ చూపించాడు. ఆ నంబర్ ముందు కోచ్ అనుభవం నిలవలేదు.

ఇప్పుడు మూడో గంట. కొండ మొదట్లో రూతు నీళ్ల సీసాలు అందిస్తోంది. నవోమి సీసా లాక్కుని ముందుకి దూకింది, చెప్పినట్టే. వెనకే సత్యానందాన్ని ఎక్కించుకుని వచ్చిన కోచ్ కారు సీసాల కోసం ఆగింది. రూతు కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"ఏమండీ, దాని పెదాలు చూశారా? సున్నం పూసినట్టున్నాయి. రాత్రి గంజి కూడా సగమే తాగింది."

"గంజేంటి? అన్నం ఏమైంది?"

రూతు తల దించుకుంది. తర్వాత గబగబా చెప్పేసింది. లెడ్‌విల్ వచ్చిన మొదటి వారమే తల్లీ కూతుళ్లు మ్రొక్కుబడి చేసుకున్నారు. నవోమి జట్టులోకి వచ్చేదాకా శుక్రవారం ఉపవాసం. రాత్రి ప్రార్థన అయ్యేదాకా మెతుకు లేదు, గుక్కెడు నీళ్లు లేవు. ఆయనకి చెప్పలేదు. పస్తులుంటే దేవుడు జాలిపడిపోతాడా అని డెన్వర్ ప్రార్థన కూటంలో అందరి ముందూ నవ్విన మనిషికి ఎలా చెబుతారు?

"సైకిల్ తొక్కిన రోజు కూడానా?"

"అన్ని శుక్రవారాలూ. నిన్న కూడా."

సత్యానందానికి అప్పుడు అర్థమైంది. శుక్రవారం ఎండిపోయిన ఒంటి నుంచి శనివారం నెత్తురు తీశాడు తను. పులుసు ఇగిరితే చిక్కబడుతుంది, అందులో ముక్కలు పెరగవు. కణాలు పెరగలేదు. నీళ్లు తగ్గాయి, ట్రైనింగ్ పెంచినకొద్దీ ఇంకా తగ్గాయి. పెరగని బలాన్ని నమ్మి ఇన్నాళ్లూ కూతుర్ని కొండల మీద అరగదీశాడు. ఇవాళ మళ్లీ ఆ నంబర్ చూసే ముందుకి దూకించాడు.

కారు పోనిమ్మని, నవోమిని ఆపాలన్నాడు. హాల్వర్సన్ నమ్మలేనట్టు చూశాడు. పొద్దున దూకించమన్నదీ నువ్వే, ఇప్పుడు ఆపమన్నదీ నువ్వే అన్నాడు. అంటూనే యాక్సిలరేటర్ తొక్కాడు. ఇరుకు రోడ్డు మీద రేసు అధికారుల కారు దారి ఇవ్వలేదు. హాల్వర్సన్ హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. వాళ్లు పక్కకి తప్పుకునేసరికి కొండ కొస కనిపిస్తోంది.

నవోమి ముందు ఇద్దరే ఉన్నారు. ఆమె మూడోది.

కారు పక్కకి చేరింది. ఆమె ముఖం మీద చెమట లేదు. ఆ ఎండలో, ఆ ఎక్కుడులో, చెమట లేదు.

"ఆగమ్మా. నేను చెప్పిన నంబర్ తప్పు. ఆగిపో."

"ఐయామ్ థర్డ్, డాడీ." నాలిక తిరగడం లేదు. "నువ్వే చెప్పావ్ కదా, నా బ్లడ్ బాగుందని."

"తప్పు చెప్పాను. నా మాట విను."

ఆమె విన్నదో లేదో. కొస దాటింది. అక్కణ్నించి దిగుడు. సైకిల్ బాణంలా కిందికి జారింది, కారు వెనకపడింది. మొదటి మలుపు తిరిగింది. రెండో మలుపు దగ్గర రోడ్డు ఎడమకి తిరిగింది, నవోమి తిరగలేదు. బ్రేకు కూడా వెయ్యలేదు.

సత్యానందం రాళ్ల మీంచి పడుతూ లేస్తూ దిగాడు. కూతురి మెడ మీద వేళ్లు పెట్టి నాడి కోసం వెతికాడు. చోటు మార్చి మళ్లీ వెతికాడు. హాల్వర్సన్ వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని మెల్లగా తీసేశాడు.

ఎవరి కార్లోనో రూతు వచ్చింది. నవోమి హెల్మెట్ పట్టీ విప్పింది, నుదుటి మీది మట్టి కొంగుతో తుడిచింది. చాలాసేపటికి భర్త వైపు చూసింది.

"నా ఉపవాసమేనా, ఏమండీ? నేనేనా చంపుకుంది?"

వారానికో రోజు పస్తుతో ఎవరూ చావరని ఆయనకి తెలుసు. చంపింది ఆ పస్తు మీద తను కట్టిన లెక్క. ఒక్క మాట చాలు, ఆ బరువు ఆమె మీంచి దిగిపోతుంది.

ఆయన నోరు పెగల్లేదు. రూతు కాసేపు చూసి, దాన్నే జవాబనుకుని, కూతురి పాదాల దగ్గర నేలకి తల ఆనించింది.