ఇతర సామగ్రి

"లిస్టు రాశావా లేదా? సాయంత్రం వస్తూ తెస్తాను," అని స్నానాల గదిలోంచి మా ఆయన కేక. ఒక చేత్తో బాక్సుల మూతలు బిగిస్తూ రెండో చేత్తో రాస్తున్నాను. బియ్యం, ఉప్పు, నూనె, సబ్బులు. అన్నీ రాస్తాను, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ పదిహేనేళ్ళుగా నేనే కొనుక్కుని, పేపర్లో చుట్టి, బీరువాలో బట్టల కింద దాచుకుంటున్నాను. "మగపిల్లాడు తిరిగే ఇల్లమ్మా, అవి కంటపడకూడదు," అని కాపురానికొచ్చిన మొదటి నెలలోనే మా అత్తగారు చెప్పారు. ఆ మగపిల్లాడంటే అప్పటికి ముప్ఫై ఏళ్ళున్న మా ఆయనే.

అంతలో ఫోను మోగింది. వరసలో ముందున్న లారీ డ్రైవరు. "మేడమ్, గేటు దగ్గర ఆపేశారు. నాలుగు బళ్ళూ పక్కన పెట్టించారు. కాగితంలో ఏదో తేడా అంటున్నారు."

నేను పనిచేసేది సహాయ సంస్థలో, లోడు లిస్టులు తయారుచేసే పని. గేటుకి అవతలి పట్నం నాలుగు నెలలుగా ముట్టడిలో ఉంది. రెండు పక్షాలూ రెండు రోజులు కాల్పులు ఆపుతామని ఒప్పుకున్నాయి. ఆ గడువు ఇవాళ సాయంత్రం నాలుగింటికి అయిపోతుంది. మళ్ళీ గేటు ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలియదు.

లిస్టు గట్టు మీద పడేసి, చెప్పులు వేసుకుంటుంటే మా అత్తగారు అననే అన్నారు, "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు." ఒళ్ళు మండింది. ఇంట గెలవడానికి పోటీ ఎప్పుడు పెట్టారో నాకెవరూ చెప్పలేదు మరి.

తేడా ఏమిటో దారిలోనే అర్థమైపోయింది. పది రోజుల క్రితం ఆ పట్నం ఆసుపత్రి నర్సు ఫోన్ చేసింది. "అక్కా, పిండీ మందులూ సరే. ఆడవాళ్ళకి ప్యాడ్లు పంపండి. దుప్పట్లు చింపడం కూడా అయిపోయింది. పరుపుల్లో దూది పీకి ఇస్తున్నాం, జబ్బులొస్తున్నాయి." రెండొందల పెట్టెలు ఎక్కించాను. లిస్టులో 'నెలసరి ప్యాడ్లు' అని రాశాను. మా డైరెక్టరు గారు ఎర్ర పెన్నుతో కొట్టేశారు. "పెద్ద పెద్ద ఆఫీసర్లు చూసే కాగితమమ్మా, కాస్త మర్యాదగా ఉండాలి. 'ఇతర సామగ్రి' అని వెయ్యి." పేరు రాయని వస్తువు ఒక్కటున్నా గేటు దగ్గర మొత్తం లారీలు ఆపుతారు. తొమ్మిదేళ్ళుగా ఈ పనిలో ఉన్నదాన్ని, ఆ సంగతి నాకు తెలియక కాదు. అయినా నోరు మూసుకుని టైపు చేశాను. దాచడం వేళ్ళక్కూడా అలవాటైపోయినట్టుంది, సిగ్గులేకపోతే సరి నాకు.

నేను ఆఫీసుకి వెళ్ళేసరికి డైరెక్టరు గారు గేటు అధికారితో ఫోన్లో ఉన్నారు. చెమటలు పట్టేశాయి. "అవంటే సార్... ఆడవాళ్ళకి సంబంధించిన... వ్యక్తిగతమైన... మీకు తెలుసు కదా..." ఆయన నసిగేకొద్దీ అవతలి గొంతు పెరుగుతోంది. ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి నాతో అన్నారు, "ఆ పెట్టెలు దింపించేద్దాం. మిగతావైనా పోతాయి."

"మందు సీసాలు పగలకుండా వాటినే మధ్య మధ్యలో సర్దాం సార్, నాలుగు బళ్ళలోనూ. దింపి మళ్ళీ సర్దేసరికి చీకటి పడుతుంది."

"మరేం చెయ్యమంటావ్?"

ఫోను లాక్కున్నాను. "సార్, అవి నెలసరికి వాడే ప్యాడ్లు. రెండొందల పెట్టెలు."

అవతల వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. అధికారి అందుకున్నాడు, "ఆ ముక్కే రాసి ఏడవచ్చుగా తల్లీ! బాంబులేమోనని పొద్దున్నుంచి చస్తున్నామిక్కడ. సంతకం పెట్టి కొత్త లిస్టు పంపండి. అయినా అనుమానమని పైకి రాసేశాను, ఇప్పుడిక ప్రతి పెట్టె విప్పి చూడాల్సిందే."

కొత్త లిస్టు కొట్టి ఇచ్చాను. డైరెక్టరు గారి పెన్ను కాగితం మీద ఆగిపోయింది. "ఈ మాట కింద నా సంతకమా..." అవతల టైము పోతోంది, ఈయనకి మర్యాద పోతోంది! కాగితం లాగి నేనే సంతకం చేసి పంపాను.

ఒక్కో పెట్టె కత్తితో కోసి చూశారట. మధ్యాహ్నానికి ఒక లారీ వెళ్ళింది. రెండింటికి ఇంకోటి. మూడున్నరకి మూడోది. నాలుగింటికి గేటు మూసేశారు. పసిపిల్లల పాలడబ్బాలన్నీ ఆగిపోయిన ఆ నాలుగో లారీలోనే ఉన్నాయి.

నర్సు ఫోన్ చేసింది. "ప్యాడ్లు అందాయక్కా, చల్లగా ఉండు. పాలడబ్బాలేవీ?" ఆ బండి గేటు దగ్గరే ఆగిపోయిందని చెప్పాను.

"చూశావా, నీ ప్యాడ్ల మూలాన పిల్లల పాలు ఆగిపోయాయి," అన్నారు డైరెక్టరు గారు. "రిపోర్టులో భద్రతా కారణాలని రాసెయ్." ఔరా! ఇప్పుడవి నా ప్యాడ్లయిపోయాయి! కూర్చుని రాశాను: 'ఒక వస్తువు పేరు రాయడానికి సిగ్గుపడ్డాం. తీసేయమన్నది డైరెక్టరు గారు. తీసేసింది నేను.' పై ఆఫీసుకి పంపి లేచాను.

ఇంటికొచ్చేసరికి మా ఆయన ఖాళీ సంచితో వరండాలో ఉన్నాడు. "లోకానికంతా సరుకులు పంపుతావు, ఇంటికి లిస్టు మాత్రం ఇవ్వలేవు."

గట్టు మీద లిస్టు పొద్దున పడేసిన చోటే ఉంది. చివర ఇంకో మాట పెద్ద అక్షరాలతో రాసి చేతికిచ్చాను. చదివి, వాళ్ళమ్మ వైపు చూసి, గొంతు తగ్గించాడు. "ఇదేంటి? షాపులో నలుగురూ ఉంటారు, నేనెలా అడగను? ఎప్పట్లా నువ్వే తెచ్చుకోవచ్చుగా."

"తెచ్చుకోనండీ. ఈ మాట దాచబట్టే ఇవాళ ఒక లారీడు పాలు గేటు బయట నిలబడ్డాయి. త్వరగా వెళ్ళండి, షాపు మూసేస్తారు."