సందు లేని మడ్‌గార్డు

మా బావగారు ఫొటోలకి ఫ్రేములు కడతారు. మూల దగ్గర వెంట్రుకంత సందు కనబడినా ఆయనకి ముద్ద దిగదు. అలాంటి మనిషి చేతిలో నా సైకిల్ పెట్టారు మా ఆయన. తనకి బద్ధకం మరి.

నేను ఆసుపత్రి వంటగదిలో పనిచేస్తాను. తెల్ల యూనిఫాం. వానలు మొదలైనప్పటి నుంచీ వెనక చక్రం నా వీపు మీద నడుం నుంచి మెడ దాకా బురద చార గీస్తోంది. "ఇంకోసారి ఈ బురదతో వస్తే ఇంక పనిలోకి రానక్కర్లేదు," అని సూపర్‌వైజరు తెగేసి చెప్పింది. అందుకే మడ్‌గార్డులు కొన్నాను.

బావగారు ఆదివారమంతా వాటితో కుస్తీ పట్టారు. కడ్డీలు లాగి, నట్లు బిగించి, రేకుని టైరుకి అతికించినంత పని చేశారు.

"కాస్త ఎడం ఉంచండి బావగారూ, బురద ఇరుక్కుంటుంది."

"సందు కనబడితే అదేం పనమ్మా?"

"వాడి పనికి వంక పెట్టకు," అంది అత్తయ్య. మా ఆయన పేపర్లోంచి తలెత్తలేదు.

పొద్దున్నే వాన. వీధి మలుపులోనే రేకుకీ టైరుకీ మధ్య బురద మెత్తుకుపోయి చక్రం బిగుసుకుంది. ఎంత లాగినా కదల్లేదు. భుజాన వేసుకుని ఇంటికి మోసుకొచ్చాను. ముందువైపంతా మెడ నుంచి మోకాలి దాకా నల్లటి అడుసు, మురుగు కంపు.

బావగారు నా వెనక్కి వెళ్ళి చూశారు. "చూశావా, వీపు మీద ఒక్క చుక్క పడలేదు."

ఆ బురద కన్నా ఆయన నవ్వు చూస్తే ఎక్కువ కంపరం పుట్టింది. పానా లాక్కుని నట్లు వదులు చేసి, రేకు కింద నా వేలు దూరేంత ఎడం పెట్టి బిగించాను. తీగ మీద ఆరని రెండో యూనిఫాం పిండి తొడుక్కుని తొక్కాను. సూపర్‌వైజరు నన్ను ఒకసారి తిప్పి చూసింది. తడిగా ఉన్నా తెల్లగానే ఉన్నాను. లోపలికి పొమ్మంది.

సాయంత్రం కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి బావగారు సైకిల్ పక్కన గొంతుక్కూర్చున్నారు. "కంగారులో వదిలేసి వెళ్ళావుగా, మళ్ళీ బిగించేశాను," అన్నారు ప్రేమగా.

అన్నీ మళ్ళీ వదులు చేసి, సైకిల్‌ని మా గదిలోకి తీసుకెళ్ళి, మంచం మీద మా ఆయన పడుకునే వైపు ఎక్కించాను.

"మరి నేనెక్కడ పడుకోను?" అన్నారాయన.

"మీ అన్నయ్య పక్కన. సందు లేకుండా."