ఫోటో అంచున చిన్న చెయ్యి

ఆదివారం వచ్చిందంటే ప్రేమ్ బజార్‌లో గంగాభవానికి ఊపిరాడేది కాదు. రెండే రెండు కంప్యూటర్లున్న షాపులో ఆమె ఒక్కతే పనిమనిషీ, పెద్దమనిషీ. పొద్దున్న తొమ్మిదింటికల్లా రైల్వే పని కోసం ఆ బెంగాలీ ఊరొచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు సైకిళ్ళు గోడకి ఆనించి, ప్లాస్టిక్ కవర్లలో పాత ఫోటోలతో వరస కట్టేవారు. ఆమె ఒక్కో ఫోటోనీ స్కానర్ మీద బోర్లించి, తన పేరూ తండ్రి పేరూ పైన పెట్టి నడిపే సైట్లో ఎక్కించేది. దాని కింద వాళ్ళు చెప్పిందల్లా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేది. ఇప్పుడు బ్లాగంటున్నాం గానీ, తొంభై తొమ్మిదిలో మనవాళ్ళకి అది 'ఫోటో కింద రాత'. రిటైరై విశాఖలో స్థిరపడినవాళ్ళూ, ఆద్రా అనే ఇంకో రైల్వే ఊరికి బదిలీ అయినవాళ్ళూ అక్కడే ఒకళ్ళనొకళ్ళు చూసుకుని తలో మాటా రాసుకునేవారు.

ఆ సైట్లో నిజం రాసినకొద్దీ ఫోటో అంచులు పక్కకి జరిగేవి. పెళ్ళి ఫోటో కింద వంటలెవరు చేశారో రాస్తే, పందిరి దాటి గాడిపొయ్యీ, దాని ముందు చెమటలు కక్కుతున్న మనిషీ కనబడేవారు. కోతలు కోస్తే మాత్రం ఇసుమంత కదిలేది కాదు. గూడ్సు బండి తానే నడిపినట్టు వెంకటరావు పది వాక్యాలు రాయించాడు. ఫోటో బిగుసుకుని కూర్చుంది. "సర్లే, నడిపినోడి పక్కన నిలబడినాను, అలాగే రాయమ్మా" అన్నాక జరిగింది. అందరూ నవ్వారు. వెనకున్నవాళ్ళు తమ కవర్లు విప్పుకున్నారు.

ఆ ఆదివారం దాలమ్మ వచ్చింది, జగ్గారావు చెయ్యి పట్టుకుని. జగ్గారావు గంగాభవాని తండ్రి. వర్క్‌షాపులో ఫిట్టరు పని చేసి ఆ ఏడే రిటైరయ్యాడు. దాలమ్మది పక్కిల్లు, మొగుడు లేడు. ఆమె చూపు రోజురోజుకీ మసకబారుతోంది. దుర్గాపూజల దాకా నిలవదని డాక్టరు చెప్పేశాడు.

"ఇది ఎక్కించమ్మా. కళ్ళు పోకముందు నా బిడ్డ నర్సి మొకం ఒక్కపాలి సూసుకుంటాను" అంటూ ఒక ఫోటో ఇచ్చింది.

ఎనభై నాలుగులో, ప్లాట్‌ఫారం మీద కాలనీలోని తిమోతి తీసిన ఫోటో. మహానుభావుడు, అందరినీ ఒక ఫోటోలో పట్టించడం అతనికి జన్మలో రాలేదు. మధ్యలో జగ్గారావు, చేతిలో ట్రంకు పెట్టె. ఇంకో చేతిలో, అంచున తెగిపోయిన చిన్న చెయ్యి. రెండు గాజులు. ఆరేళ్ళ కూతురిది దాలమ్మకి మిగిలింది అంతే. ఊళ్ళో అమ్మమ్మని చూపించి తెస్తానని జగ్గారావు తీసుకెళ్ళిన పిల్ల దారిలో ఓ స్టేషన్లో తప్పిపోయింది, మళ్ళీ దొరకలేదు. కాలనీకి తెలిసిన కథ అది.

దాలమ్మ చెప్పింది, గంగాభవాని కొట్టింది. పిల్లకి సెనగలంటే ఇష్టమని రాస్తే అంచు గాజులు దాటి కాస్త జరిగి ఆగింది.

"నాకు తెలిసింది ఇంతే మరి. అన్నియ్యా, నువ్వు సెప్పు. కూడా ఉన్నది నువ్వే కదా" అంది దాలమ్మ.

"జనంలో సెయ్యి జారిపోయింది. ఊరంతా ఎతికినాను. పోలీసోళ్ళకి సెప్పినాను. ఏ కబురూ రాలేదు" అన్నాడు జగ్గారావు.

గంగాభవాని అక్షరం పొల్లుపోకుండా కొట్టింది. ఫోటో కదల్లేదు.

ఎందుకు కదల్లేదో ఆ షాపులో ఇద్దరికే తెలుసు. రాస్తే తండ్రి పరువు ఆ పూటతో సరి. రాయకపోతే దాలమ్మత్త బిడ్డ మొహం చూడకుండానే గుడ్డిదైపోతుంది. తండ్రి వైపు చూసింది. ఆయన నేల చూపులు చూస్తున్నాడు. ఇంక ఆగలేక, కొడుతున్నది పైకే చదువుతూ కొట్టింది.

"అప్పుడు నాకు ఏడేళ్ళు. పోలీసు ఇన్‌స్పెక్టరు మా గుమ్మంలోకొచ్చి, గంగాభవాని అనే పిల్ల దొరికింది, మీ పిల్లేనా అన్నాడు. మా నాన్న నన్ను పిలిచి ముందుకు తోశాడు. మా పిల్ల ఇదిగో సార్, ఇంట్లోనే ఉంది అన్నాడు."

అంచు మోచెయ్యి దాకా జరిగింది.

జగ్గారావు స్టూలు మీద కూలబడ్డాడు.

"ఆపకమ్మా. మిగతాది నాను సెప్తాను" అన్నాడు. "కుటుంబానికి రైల్వేవోళ్ళిచ్చే పాసులో మా పిల్ల పేరుంది. దానికి అమ్మోరు పోసింది. పాసు ఒగ్గేయడం దేనికని నర్సిని దాని పేరు మీద తీసుకెళ్ళినాను. అందరూ సేసేదే కదా అనుకున్నాను. ఎవరడిగినా గంగాభవానని సెప్పు, అసలు పేరు సెప్తే మావయ్య ఉద్యోగం పోతాదని బెదిరించినాను. పిచ్చి తల్లి, తప్పిపోయినా అదే సెప్పింది. పోలీసోళ్ళు మా ఇంటికే వచ్చినారు. దొంగ పాసు బయటపడతాదని నానే కాదన్నాను. పది రోజులాగి పోలీసు టేసనుకి ఎల్లినాను. అప్పటికే ఎక్కడికో పంపేసినారు. ఏ పేరు సెప్పి అడగను?"

అంచు జరిగింది. భుజం వచ్చింది, పువ్వుల గౌను వచ్చింది, నూనె పెట్టి బిగించిన జడ వచ్చింది. తరవాత మొహం. ముందు పన్ను ఊడిన నవ్వు, నుదుట ఇంత బొట్టు. షాపులో ఉన్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. కూర్చుని చూడవలసిన మొహం కాదది.

దాలమ్మ తెరకి ముక్కు ఆనించి చూసింది. చూసి చూసి, కొంగుతో తెర తుడిచి మళ్ళీ చూసింది. అప్పుడు ఏడ్చింది.

"పదిహేనేళ్ళు నా గుమ్మం ముందునుంచే నడిసినావు అన్నియ్యా. ఒక్కనాడు నోరు పెగల్లేదా?"

దాలమ్మ గోడ పట్టుకుని బయటికి నడిచింది. గంగాభవాని పరుగెత్తి చెయ్యందించింది.

బుధవారం ఆ ఫోటో కింద కొత్త రాత కనబడింది. చదివీ చదవగానే గంగాభవాని సైకిలు తొక్కుకుంటూ పోయి దాలమ్మని ఎక్కించుకొచ్చింది. వెనకే జగ్గారావు వచ్చాడు గానీ, లోపలికి రాలేక మెట్ల దగ్గరే ఆగిపోయాడు. గంగాభవాని ఆయనకీ వినబడేలా చదివింది. ఒరియా కలిసిన తెలుగు.

"కటక్‌లో నర్సుని. గంగాభవానని నా పేరు కొట్టి వెతికితే మీ పేజీ వచ్చింది. పేరూ నాదే, తండ్రి పేరూ నేను చెప్పిందే. మరి నేనెవరినని రాయలేకపోయాను. మూడు నెలలుగా రోజూ చూసి మూసేస్తున్నాను. చిన్నప్పుడు మా అనాథల హాస్టల్‌కి పోలీసు కాగితం వచ్చింది, ఆ పిల్ల ఇంట్లోనే ఉందని. మావాళ్ళకి నేను అక్కర్లేదు కాబోలు అనుకుని మళ్ళీ అటు రాలేదు. అమ్మకి తెలియదని మొన్న ఈ రాత చదివాకే తెలిసింది. మావయ్య ఉద్యోగం పోతుందని నా అసలు పేరు ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మావయ్య రిటైరయ్యాడా? ఇప్పుడు చెప్పొచ్చా?"

మెట్ల దగ్గర జగ్గారావు తల బాదుకుని ఏడుస్తున్నాడు.

"అదేటి సెప్పేది!" అంది దాలమ్మ, కుర్చీ ముందుకి లాక్కుని. "పేరు ఎట్టినదాన్ని నానుండగా? నువ్వు రాయి తల్లీ. అప్పలనర్సమ్మ. దాలమ్మ కూతురు. ఇంటికొచ్చేయమ్మా, అని రాయి."