పసుపు టేపు కట్టిన మొక్కలు

మామిడి అంట్ల కవర్లు విప్పే రోజు తెల్లారేసరికి రెబెక్కా కళ్లు మండుతున్నాయి. రాత్రి మొత్తం మీద ఒక గంట కునుకు పట్టిందో లేదో.

రెండు నెలల కిందట ఆమె భర్త విజయ్ పాల్ నడిపే మొక్కల లారీ నాగపూర్ దారిలో పక్కకు ఒరిగిపోయింది. అతనికి మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. వారం తిరక్కుండా మళ్లీ బండెక్కాడు. ఎక్కడ బండి ఆపితే అక్కడ గుర్రుపెట్టి పడుకుంటున్నాడు. నిద్ర కరువైంది మాత్రం రెబెక్కాకే.

ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. అత్త సంపూర్ణమ్మ పాలల్లో జాజికాయ అరగదీసి ఇచ్చింది. అరికాళ్లకు కొబ్బరినూనె రాసింది. "కీర్తన ఒకటి మనసులో చదువుకోవే, సగంలోనే పడుకుంటావు" అంది. రెబెక్కా చదివింది. మధ్యలో ఒక వచనం గుర్తు రాలేదు. దాన్ని వెతుక్కుంటూ తెల్లారేదాకా మేలుకునే ఉంది. డాక్టరు గడియారం చూడొద్దన్నాడు. ఫోను బోర్లా పెట్టి పడుకుంటే, ఎంతయిందో తెలియక అదో బెంగ.

అదైనా ఓర్చుకునేది. ఇరవై రెండు రోజులుగా దానికి ఇంకో భయం తోడయింది.

కడియంలో ఆమె పనిచేసే నర్సరీలో అంట్లు కట్టే ఆడవాళ్లు ఐదుగురు. చిన్న మొక్క తల కోసి, నిలువునా చీల్చి, మంచి రకం చెట్టు పుల్లను చెక్కి అందులో దించి, టేపు చుట్టి, పైన సన్నటి కవరు తొడుగుతారు. మూడు వారాలకు విప్పితే చిగురేసినవి బతికినట్టు, నల్లబడినవి పోయినట్టు. ఒక్కొక్కరిది ఒక్కో రంగు టేపు. ఎవరి చెయ్యి ఎలాంటిదో ఆ రంగే చెబుతుంది. నూటికి డెబ్బై బతక్కపోతే ఆ మనిషి కత్తి వదిలేసి మట్టి సంచులు మొయ్యాల్సిందే. రెబెక్కాది నీలం. పక్కన కూర్చునే హారతిది పసుపు.

ఈ అంట్లు కట్టిన రోజు హారతి, పిల్లాడికి జ్వరమని మధ్యాహ్నమే వెళ్లిపోయింది. రెబెక్కా కూర్చున్నచోటే తూలుతూ పని చేసింది. సాయంత్రం చూసుకుంటే తన నీలం చుట్ట ఉన్నది ఉన్నట్టే ఉంది. అన్నం తిన్న దగ్గర్నుంచి కట్టిన అరవై మొక్కలకూ పసుపు టేపే. అప్పుడే చెప్పి ఉంటే అందరూ నవ్వి ఊరుకునేవారు. రేపు చెబుదామనుకుంది. ఆ రేపు వాయిదా పడుతూ వచ్చింది. ఆ మొక్కల్ని ఎలాంటి చేత్తో కోసిందో ఆమెకు తెలుసు.

మేస్త్రి అప్పారావు నీడవల కింద కూర్చుని ముందు నీలం వరసలు విప్పాడు. రెబెక్కా కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"నూటికి డెబ్బై నాలుగు. గట్టెక్కావమ్మా" అన్నాడు.

తర్వాత పసుపు. మొదటి వరస పచ్చగా ఉంది. రెండోదీ అంతే. మూడో వరసలో అతని చెయ్యి ఆగింది. నలుపు. పక్కది విప్పాడు. అదీ నలుపే.

"ఏంటి హారతీ, కళ్లు మూసుకుని కట్టావా?"

"నావి ఇలా రావండి."

"టేపు నీదే కదా."

"నాదేనండి. కానీ నావి ఇలా రావు."

అప్పారావు చివరిదాకా విప్పాడు. "నూటికి అరవై ఆరే. నేనేం చేసేది? రేపట్నుంచి సంచుల దగ్గరికెళ్లు."

హారతి ఏడవలేదు. మోకాళ్ల మీద కూర్చుని, ఎండిన పుల్లల్ని మొదటి నుంచి మళ్లీ చూసుకుంటూ వస్తోంది. ఒక్కోదాన్నీ వెలుతురుకు తిప్పి చూస్తోంది. ఇంకో నిమిషం నోరు మూసుకుంటే చాలు, ఇది ఎప్పటికీ బయటపడదని రెబెక్కాకి తెలుసు.

"అవి నేను కట్టినవండి" అంది.

అప్పారావు విసుక్కున్నాడు. "స్నేహాలుంటే ఇంటి దగ్గర చూసుకోండి. నీవి బాగానే వచ్చాయి కదా, వెళ్లు."

"కట్టు చూడండి. హారతి టేపు కొస లోపలికి దోపుతుంది. నేను ముడేస్తాను."

అతను వంగి నాలుగు మొక్కలు చూశాడు. తర్వాత మరో నాలుగు. నల్లబడిన ప్రతిదానికీ ముడి ఉంది.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆ సాయంత్రమేనండి."

హారతి లేచి నిలబడింది. "ఇరవై రెండు రోజులు నా డబ్బాలోంచి కూర వేసుకుని తిన్నావు కదక్కా" అంది. అంతే అంది. రెబెక్కా నోటిదాకా వచ్చింది, నిద్రలేక అలా జరిగిందని. ఆ మాట అక్కడ మరీ చిన్నదనిపించి మింగేసింది.

మర్నాడు హారతికి బదులు రెబెక్కా మట్టి దగ్గరికి వెళ్లింది. లారీలోంచి దింపిన ఎర్రమట్టిలో పేడ ఎరువు కలిపి, సంచులు నింపి, తలమీద పెట్టుకుని గట్టు దాటించాలి. మధ్యాహ్నానికి మెడ తిరగలేదు. సాయంత్రానికి ఎన్ని మోసిందో కూడా గుర్తులేదు. ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుందామని అరుగు మీద కూర్చుంది. సంపూర్ణమ్మ చెంబు తేవడానికి లోపలికి వెళ్లడం వరకు తెలుసు.

కళ్లు తెరిచేసరికి ఎండ మొహం మీద పడుతోంది. అరుగు మీదే ఉంది. ఎవరో దుప్పటి కప్పారు.

"లేపలేదేంటత్తయ్యా?"

"లేపితే లేచావా? కాళ్లు కూడా నేనే కడిగాను. వీధి కుక్కలన్నీ నీ పక్కనే మొరిగాయి."

ఎనిమిది దాటింది. రెబెక్కా గాభరాగా జుట్టు ముడేసుకుంటుంటే గేటు బయట స్కూటీ ఆగింది. హారతి దిగలేదు.

"మట్టి లారీ వచ్చి గంటయింది. మేస్త్రి గారు చూసి రమ్మన్నారు."

"నిద్ర పట్టేసింది."

హారతి ఆమె మొహంలోకి చూసింది. చెంప మీద దుప్పటి మడతల అచ్చు పడి ఉంది.

"తెలుస్తూనే ఉంది" అంది. "నా కోపం తగ్గిందనుకోకు. ఎక్కు."