హార్గ్రోవ్‌గారి మూడో ఓటు

నేను మార్కాపురం అడవిలో చిరుతను కాల్చిన సంగతి అమెరికాలో మేముండే అరోరా ఊళ్లోని తెలుగువాళ్లందరికీ తెలుసు. తెలియనిదల్లా ఒక్కటే. ఆ చిరుతా లేదు, ఆ తుపాకీ లేదు. ఐదో తరగతి దాకా చదివి, నలభై ఏళ్లు పొగాకు తోటల్లో తిరిగినవాణ్ణి. తుపాకి ఎప్పుడు పట్టాను గనక! కానీ చిరుతను మాత్రం ఒక్కో ఇంట్లో ఒక్కో రకంగా చంపాను. ఒకచోట పొద వెనక, ఒకచోట చింతచెట్టు మీద. ఒకరింట్లో దాని తోక పదకొండు అడుగులకు పెరిగింది. ఎవరూ టేపు పెట్టి కొలవరు గదా అని నా ధైర్యం.

ఇప్పుడు చెప్పేది మాత్రం కొలుచుకోండి. రాస్తుంటే ఇప్పటికీ కుడిచేతి చూపుడువేలు చల్లబడుతోంది.

రెండువేల నాలుగులో దసరా శుక్రవారం వచ్చింది. ఇక్కడ పండుగలు కూడా సెలవు చూసుకునే వస్తాయి కాబట్టి శనివారం మధ్యాహ్నం డాక్టర్ సూర్యప్రకాశరావుగారింట్లో జరుపుకున్నాం. ఆయన గుండె డాక్టరు, ముప్పై ఏళ్లుగా ఇక్కడే. ముఖ్య అతిథి మా ప్రాంతపు శాసనసభ్యుడు హార్గ్రోవ్. పదిరోజుల్లో ఎలక్షన్లు మరి, గారెలు కూడా రుచిగానే ఉంటాయి.

కార్లో మా మనవరాలు వర్ష ఒక కాగితం పట్టుకుని కూర్చుంది. తొమ్మిదేళ్లది. మన శాసనసభ్యుడు దేనికి ఎలా ఓటేశాడో రాసుకు రమ్మని స్కూల్లో హోంవర్కు ఇచ్చారట. ఆయన్నే పట్టుకుని సంతకం కూడా చేయించుకోవాలని దీని ప్లాను.

"తాతా, విను. గన్ కంపెనీల మీద ఎవరూ కేసు వెయ్యకూడదు అని ఒక బిల్. దానికి ఎస్ అన్నాడు. గన్‌తో పాటు లాక్ ఇవ్వాలి అని ఇంకోటి. దానికి నో. మూడోది, లోపల బుల్లెట్ ఉంటే గన్ పైన రెడ్ మార్క్ కనపడాలి అని. దానికీ నో."

"తుపాకికి ఎర్రబొట్టు ఎందుకే? పేలితే తెలియదూ, లోపల ఉందని!" అన్నాను.

కారు నడుపుతున్న మా అమ్మాయి జ్ఞానప్రసూన పకపకా నవ్వింది. వర్ష నవ్వలేదు. "నాట్ ఫన్నీ, తాతా."

డాక్టరుగారింట్లో ఆయుధపూజ. అమ్మవారి పటం ముందు కారు తాళాలు, స్టెతస్కోపు, ఆయన భార్య లీలావతిగారి కూరలు తరిగే కత్తి, లాప్‌టాప్, వాటి మధ్య నల్లటి పిస్తోలు. దాని నెత్తిన కుంకుమబొట్టు. బంగారం కోసం మనవాళ్ల ఇళ్లలో దొంగలు పడుతున్నారని ఆ వేసవిలోనే కొన్నారట.

"భయపడకండి, ఖాళీది," అన్నారు డాక్టరుగారు, పక్కన పెట్టిన తూటాల డబ్బా చూపిస్తూ. "పిల్లలున్నారని పొద్దున్నే నేనే తీసేశాను."

శాలువా కప్పుకున్న హార్గ్రోవ్ గారె కొరుకుతూ ముచ్చటపడిపోయాడు. దేవుడి దగ్గర తుపాకి పెట్టి దండం పెట్టుకునే ఇల్లు తానెప్పుడూ చూడలేదన్నాడట, డాక్టరుగారే తెలుగులో చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు.

మా అమ్మాయి చీర మీద సాంబారు ఒలికితే, కడుక్కోవడానికి మేడమీది గదిలోకి వెళ్లింది. ఈలోగా పిల్లలు నన్ను చుట్టుముట్టారు.

"తాతా, చిరుత స్టోరీ!"

వర్ష చిరుతగా మారి సోఫా పక్కన పూలకుండీ వెనక నక్కింది. నేను తుపాకి అని చెప్పి గరిటె పట్టుకున్నాను.

"గరిటేమిటి హనుమయ్యగారూ, మీ అంతటి వేటగాడికి!" అని డాక్టరుగారే నవ్వుతూ పిస్తోలు నా చేతికిచ్చారు. "కానివ్వండి, ఖాళీదేగా."

బరువుగా, చల్లగా ఉంది. నిజం చెప్పొద్దూ, చేతికి భలే నప్పింది.

"చిమ్మచీకటి. పొద వెనక రెండు కళ్లు, రెండు దీపాల్లాగా..." అంటూ గురిపెట్టాను. నాలుగు బారల దూరంలో వర్ష నుదురు. వేలు మీట మీద పడింది.

"రాంగ్, తాతా! లాస్ట్ టైమ్ అది ట్రీ మీద ఉంది!"

హాలంతా గొల్లుమంది. అబద్ధం దొరికిపోయిందని నాకు కాస్త సిగ్గేసింది.

"అవునే, నన్ను చూసి చెట్టెక్కావు గదూ!" అని చెయ్యి పైకెత్తి మీట నొక్కాను.

తర్వాత చెవుల్లో ఒక్కటే హోరు. పైకప్పు నుంచి సున్నం రాలి హార్గ్రోవ్ శాలువా మీద పడింది. పిస్తోలు నా చేతిలోంచి ఎప్పుడు జారిందో తెలియదు. వర్ష కుండీ వెనక నుంచి లేచి నిలబడింది, జుట్టు నిండా తెల్లటి పొడి. దాని ఒళ్లంతా కళ్లతో తడిమాను. ఏమీ కాలేదు.

అప్పుడు లీలావతిగారు అన్నారు, "పైన జ్ఞానప్రసూన ఉంది."

ఎవరూ కదల్లేదు. పైకప్పులో వేలు పట్టేంత కన్నం. అందులోంచి ఏం కారుతుందోనని దాన్నే చూస్తూ నిలబడ్డాను.

"డబ్బా తీసినా గొట్టంలో ఒక తూటా ఉండిపోయింది," అన్నారు డాక్టరుగారు. "పైకి తెలియలేదు. తెలిసే గుర్తే లేదు."

హార్గ్రోవ్ ఏదో అన్నాడు. డాక్టరుగారు తెలుగులో చెప్పలేదు. వర్ష చెప్పింది. "యాక్సిడెంట్ అంట, తాతా. నోబడీస్ ఫాల్ట్ అంట."

మెట్ల మీద అడుగుల చప్పుడు. ఒకటి, రెండు, మూడు. ప్రాణం అడుగడుగుకీ తిరిగొచ్చింది.

డాక్టరుగారు నా మణికట్టు పట్టుకున్నారు. "బెలూన్ పేలిందని చెప్పండి. ఎలక్షన్లు, పోలీసులు, పేపర్లు... మీకు కథలు చెప్పడం కొత్తా?"

మా అమ్మాయి కుచ్చిళ్లు సర్దుకుంటూ దిగింది. "ఏమిటా చప్పుడు? అప్పుడే మంచం మీంచి లేచాను, కింద ఏదో విరిగినట్టయింది. ఏం నాన్నా, మళ్లీ చిరుతను చంపావా?"

అందరూ నావైపే చూశారు. నాకు అబద్ధాలు పిలవకుండానే వస్తాయి. అప్పుడూ వచ్చింది. ఎర్ర బెలూను, గుమ్మడికాయంత. నోటిదాకా వచ్చింది. వర్ష కాగితాన్ని గుప్పిట్లో నలుపుతూ నన్నే చూస్తోంది. డాక్టరుగారు చెప్పింది అదీ విన్నది. నేను బెలూను అంటే, వచ్చే దసరాకు ఆ పిస్తోలు మళ్లీ బొట్టు పెట్టుకుని అక్కడే కూర్చుంటుంది.

"చిరుత లేదమ్మా," అన్నాను. "ఎప్పుడూ లేదు. తుపాకి గురిపెట్టింది నీ కూతురి నుదుటికి. చెట్టు మీద అని అదంటే పైకెత్తి పేల్చాను. పైన నువ్వున్నావు."

మా అమ్మాయి వర్ష చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు నడిచింది. దారిలో వర్ష ఆగి, నలిగిన కాగితం హార్గ్రోవ్ ముందు పెట్టింది. ఆయన అలవాటు కొద్దీ పెన్ను తీశాడు. వర్ష ఎర్ర గుర్తుకు నో అన్న మూడో వరుస మీద వేలు పెట్టింది. పెన్ను అక్కడే ఆగిపోయింది.

ఇప్పుడు వర్షతో ఎవరింటికి వెళ్లినా గుమ్మంలోనే అడుగుతాను, మీ ఇంట్లో తుపాకి ఉందా అని. హనుమయ్య ఏదో కొత్త కథ మొదలుపెట్టాడనుకుని నవ్వుతారు. నవ్వనిస్తాను. జవాబు చెప్పేదాకా చెప్పులు విడవను.